తప్పెట మనది, బాట ఎవరిది?

(గంగమ్మ జాతర ముగిసిన మర్నాడు, సోమవారం సాయంత్రం, దళితవాడ వేపచెట్టు కింద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జాతర అయిపోయింది. తప్పెటలు గోడకు తగిలించినాము. కొట్టినవాళ్ళ వేళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. ఆ వాపు తగ్గకముందే మాట్లాడుకోవాలని ఈ సభ పెట్టుకున్నాం. ఎందుకంటే మనకొక జబ్బు ఉంది. జాతర రోజు అవమానం కడుపులో మండుతుంది. నాలుగు రోజులకు చల్లారిపోతుంది. మళ్ళీ యేడాది చాటింపు వేసేది కూడా మనమే.

శనివారం ఏం జరిగింది? చాటింపు వేసింది మన తప్పెట. వేపమండలు కొట్టుకొచ్చింది మనం. పందిరికి గుంతలు తవ్వింది మనం. నాలుగు చోట్ల అంబలి పోసినారు, ఈ ఎండల్లో అది మంచి పని. మూడు చోట్ల అందరికీ ఒకే రకం గ్లాసు ఇచ్చినారు, లేని మాట మనం చెప్పం. నాలుగో చోట మాత్రం ఊరివాళ్ళకు స్టీలు గ్లాసు, మన పిల్లలకు కాగితం గ్లాసు! రెండు గ్లాసుల పద్ధతి చావలేదు, వేషం మార్చుకుంది.

రాత్రి ఊరేగింపు బయల్దేరింది. ముందు మనవాళ్ళు పన్నెండు మంది తప్పెటలతో, వెనక అమ్మవారు. మన వీధి మూల దాకా వచ్చి, అక్కడ మలుపు తిరిగి బజారుకు పోయింది. మన ఆడవాళ్ళు పసుపు కుంకుమ, టెంకాయ పళ్ళెంలో పెట్టుకుని మూల దాకా నడిచిపోయి, అక్కడే మొక్కి తిరిగొచ్చినారు. ఎందుకిట్లా అంటే వీధి ఇరుకంట! ఎలక్షన్లప్పుడు ఓట్ల జీపులకు ఇరుకు కాని వీధి అమ్మవారికి ఇరుకైందా?

ఇక కూలి సంగతి. బయటూరి బ్యాండు మేళానికి ముందే బయానా, కాగితం మీద ఒప్పందం, కూర్చోబెట్టి భోజనం. మన తప్పెటకు 'మామూలు'. అంటే కొంచెం బియ్యం, పొట్టేలు తల, ఒక సారా సీసా. ఇది కూలి కాదు, భిక్షం. ఆ సీసా తీసుకుని తూలుతూ కొట్టినంత కాలం మన గౌరవం గురించి వాళ్ళకు భయముండదు.

ఆదివారం పొద్దున మన కుర్రవాళ్ళు కమిటీ ముందు మూడు మాటలు పెట్టినారు. ఒకటి, కూలి ముందే మాట్లాడి రూపాయల్లో ఇవ్వాలి. రెండు, ఊరేగింపు మన వీధిలోకి రావాలి. మూడు, కమిటీలో మనవాళ్ళు ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి. అంతవరకు తప్పెట ముట్టం అన్నారు.

అప్పుడు మొదలైంది. 'మీ తాతలు అడిగినారా?' అన్నాడొకాయన. అంగళ్ళలో అప్పు పుట్టదన్నారు. మామిడి కోతలకు పిలవమన్నారు. మన పెద్దాయనే ఒకరు, 'అమ్మ పనికి కూలి అడిగితే కళ్ళు పోతాయిరా' అన్నారు. దానికి మన అవ్వ ఒకామె చెప్పిన జవాబు అందరూ విన్నారు: 'అమ్మ కళ్ళు తీసేదే అయితే, సీసా ఇచ్చి కొట్టించుకునేవాడి కళ్ళు ముందు తీయాల.'

మన తప్పూ ఒప్పుకోవాలి. 'తప్పెట మీది, కాగడా మాది, మీ తగాదాలోకి మేమెందుకు' అని మనలోనే మాల, మాదిగ మాట వచ్చి మధ్యాహ్నం దాకా పొద్దు పోయింది. ఆ నాలుగు గంటలూ కమిటీవాళ్ళు నీడన కూర్చుని నవ్వుకున్నారు. కాగడా పట్టినవాడూ, తప్పెట కొట్టినవాడూ ఆ వీధి మూలనే ఆగిపోయినారు గదా!

సాయంత్రానికి కూలి రూపాయల్లో ఒప్పుకుని కాగితం మీద సంతకాలు చేసినారు. మిగతా రెండూ 'వచ్చే యేడు చూద్దాం' అన్నారు. మనవాళ్ళు తప్పెట ఎత్తినారు. ఇది గెలుపా, ఓటమా అని ఇప్పుడు వాదించుకుంటున్నాం. మూడింట ఒకటి వచ్చింది, రెండు మిగిలినాయి. లెక్క అంతే.

మన జిల్లాల్లో గంగమ్మ జాతరకు పేరు తిరుపతి. వారం రోజులు వేషాలు కడతారు. శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మ ఈ వేషాలన్నీ వేసిందనీ, దొర వేషంలో వాడి తల నరికిందనీ కథ. ఆలోచించండి! తోటి వేషం కట్టినవాడికి ఊరు మొక్కుతుంది. నిజం తోటివాడు గడప తొక్కితే? మాతంగి వేషానికి హారతి ఇస్తారు. నిజం మాతంగిని, మన ఆడబిడ్డను, జోగినిగా మాతమ్మగా విడిచి ఊరి సొత్తు చేసినారు. దాన్ని నిషేధిస్తూ 1988లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. వేషానికి ఇచ్చే గౌరవం మనిషికి ఇవ్వమని అడగడమే మన తప్పయింది.

'తాతల నాటి ఆచారం' అన్న మాటకు బాబాసాహెబ్ ఎప్పుడో జవాబు చెప్పినారు. మహారాష్ట్రలో మహర్లు రేయింబవళ్ళు ఊరి చాకిరీ చేస్తే, జీతం బదులు కాస్త భూమి, ఇంటింటా గింజలు. దాన్ని వతన్ అనేవాళ్ళు. ఆ వెట్టి పోవాలని ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినారు. అంతకు ముందు యేడు మహద్‌లో చెరువు నీళ్ళు ముట్టించినప్పుడే, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానమని మనవాళ్ళకు చెప్పినారు. హక్కు అడిగేవాడు ముందు ఎంగిలి మానాలని దాని అర్థం. ఆ పొట్టేలు తల, ఆ సీసా మనకు అట్లాంటివే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దళితులను ఊరేగింపుల్లో పాల్గొననీయకుండా, ఊరేగింపు తీయనీయకుండా అడ్డుకుంటే నేరం. ఆ సెక్షన్‌లో 'జాతర' అన్న మాటే రాసి ఉంది! వెట్టి చేయించడం నేరం. అంగడి అప్పు ఆపుతాం, పని ఆపుతాం అని సాంఘిక, ఆర్థిక బహిష్కరణకు బెదిరించడమూ నేరమే. కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని 2018లో 18ఎ సెక్షన్ చేర్చినారు. స్టేషన్‌లో 'చూస్తాం, పొండి' అంటే ఈ సంగతి గట్టిగా చెప్పండి.

తప్పెట పగలగొట్టేద్దామని కొందరు తమ్ముళ్ళు అంటున్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కాని తప్పెట మన తాతల విద్య. దాన్ని కొట్టడం వెట్టి కాదు, కొట్టి తీరాలనడం వెట్టి. మనం పగలగొట్టాల్సింది ఆ రెండోదాన్ని.

అందుకని ఈ సభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. సీసా, పొట్టేలు తల ఇక ముట్టం. కూలి కాగితం మన సంఘం దగ్గర భద్రంగా ఉంటుంది. వీధి సంగతి, కమిటీ సంగతి ఈ నెలలోనే అర్జీ రాసి తహశీల్దారుకు ఇస్తాం, వచ్చే వైశాఖం దాకా ఆగం. మామిడి కోతకు ఒక్క ఇంటివాళ్ళను పిలవకపోయినా రెండు పల్లెల్లో ఎవరం పోం. ఈ నాలుగోది కష్టం. కోత కూలి లేకపోతే బడి తెరిచేనాటికి పుస్తకాలు కొనలేం, మాకు తెలుసు. అందుకే చేతులెత్తే ముందు ఇంట్లో ఆడవాళ్ళను అడిగి ఎత్తండి. ఎత్తిన చెయ్యి మాత్రం దించకండి.

జై భీం!