ఒకే జఠరికతో పుట్టిన పిల్లలు – మన సాయం ఎంతవరకు?

(సంస్థ వార్షిక సమావేశంలో ఒక పిల్లల గుండె వైద్యుని ప్రసంగం)





దరఖాస్తులు చూసేటప్పుడు కమిటీ పెద్దలు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఈ బిడ్డ గుండె ఆపరేషన్‌కు ఇదివరకే సాయం చేశాం కదా, మళ్లీ ఎందుకు వచ్చారు?" న్యాయమైన ప్రశ్నే. జకాత్ సొమ్ము అమానత్, లెక్క అడగాల్సిందే. ఒకే జఠరికతో పుట్టిన పిల్లల విషయంలో దానికి జవాబు చెబుతాను.

గుండెలో కింది గదులు రెండింటిని జఠరికలు అంటాం. కుడి జఠరిక చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకుని వచ్చిన మంచి రక్తాన్ని ఎడమ జఠరిక ఒళ్లంతటికీ పంపుతుంది. కుడివైపు రక్తం మధ్య గోడలోని రంధ్రాల గుండా కాక, ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపు చేరుతుందని 13వ శతాబ్దంలోనే రాసిన హకీమ్ ఇబ్న్ అన్ నఫీస్. ఆయన డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేశారు.

కొందరు పిల్లలకు ఒక జఠరిక సరిగా ఏర్పడదు. మిగిలిన ఒక్కటే రెండు పనులూ చేయాలి. మంచి, చెడు రక్తాలు కలిసిపోతాయి. పెదవులు, గోళ్లు నీలంగా మారవచ్చు. పాలు తాగుతూ బిడ్డ ఆయాసపడవచ్చు, బరువు పెరగకపోవచ్చు.

లేని జఠరికను తయారుచేసే ఆపరేషన్ లేదు. అందుకని ఉన్న ఒక్క పంపునూ ఒంటికి వదిలి, చెడు రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లిస్తారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రాన్సిస్ ఫోంటాన్ 1968లో ఈ పద్ధతి మొదలుపెట్టి, 1971లో ప్రచురించారు. ఆయన పేరుతోనే దీన్ని ఫోంటాన్ ఆపరేషన్ అంటారు.

ఇదంతా ఒకేసారి చేయలేమా? చేయలేం. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి ఎక్కువ. పంపు తోయకపోతే రక్తం వాటిలోకి పారదు. అందుకే మెట్లు. మొదటి వారాల్లో ఊపిరితిత్తులకు రక్తం చాలకపోతే చిన్న గొట్టం అమరుస్తారు, మరీ ఎక్కువైతే నాళాన్ని పట్టీతో బిగిస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసులో గ్లెన్ ఆపరేషన్‌తో పైభాగపు రక్తాన్ని మళ్లిస్తారు. రెండు, నాలుగేళ్ల మధ్య ఫోంటాన్‌తో కింది భాగపు రక్తాన్ని కూడా కలుపుతారు.

కాబట్టి మళ్లీ వచ్చిన కుటుంబం కొత్తగా చేయి చాచడం లేదు. మనం మొదలుపెట్టిన పనినే పూర్తి చేయమంటోంది. బిడ్డ పెరుగుతుంది గానీ, ఆ గొట్టం పెరగదు. రక్తం ఎక్కువగా పోయే బిడ్డకు ఆలస్యమైతే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, ఫోంటాన్‌కు దారే మూసుకుపోవచ్చు. అప్పుడు ఎంత సొమ్ము ఇచ్చినా ఆ దారి తెరుచుకోదు.

మరో మాట దాచకుండా చెప్పాలి. ఫోంటాన్‌తో జబ్బు పూర్తిగా పోదు. పంపు లేకుండా రక్తం ఊపిరితిత్తులకు చేరాలంటే సిరల్లో ఒత్తిడి ఎక్కువగా ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ అది కాలేయం మీద పడుతుంది, గుండె లయ తప్పవచ్చు. అందుకే జీవితాంతం పరీక్షలు, చాలామందికి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు అవసరం. ఒంట్లో నీరు తగ్గినా ప్రమాదమే కాబట్టి రోజా ఉండదలచినవారు ముందుగా డాక్టర్‌ను అడగాలి. రోగికి షరియత్ సడలింపు ఇచ్చిందని మన ఇళ్లలో గుర్తుచేయాలి. ఇన్ని ఉన్నా, అల్హమ్దులిల్లాహ్, ఈ ఆపరేషన్ అయినవారెందరో పెద్దవారై చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు.

నా మనవి మూడు మాటలు. బిడ్డ పేరుతో ఫైలు తెరిచిన రోజే మూడో మెట్టు దాకా సొమ్ము కేటాయించండి. ఆపరేషన్ ఖర్చుకు ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసరా అయినా, తల్లిదండ్రులు పోగొట్టుకునే కూలి, ఏళ్ల తరబడి మందులు, పరీక్షలు ఉంటాయి. వాటికీ చోటు ఉంచండి. ఐదో నెల స్కానింగ్‌లో గుండెను చూపించుకోవాలని, నీలంగా ఉన్న బిడ్డకు వెంటనే ఎకో తీయించాలని మొహల్లాల్లో చెప్పండి.

ఇలా చేస్తే మన వార్షిక నివేదికలో పిల్లల సంఖ్య తగ్గుతుంది. తగ్గనివ్వండి. పదిమందిని మొదటి మెట్టు మీద వదిలేయడం కన్నా, నలుగురిని చివరి మెట్టు దాకా చేర్చడమే అమానత్‌ను నిలబెట్టుకోవడమని నా నమ్మకం.