కడుపు మాడిస్తే కాన్పు సులువు కాదు
(సిరుగుప్పలో జరిగిన మహిళా కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈరోజు బోనస్ గురించి కాదు, కాన్పు గురించి మాట్లాడతాను. మగవాడికెందుకీ మాట అని నవ్వకండి. నేను రింగు ఫ్రేము మీద పనిచేసే రోజుల్లో నా భార్య తొలిచూలు. "తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉంటుంది, కాన్పు సులువవుతుంది" అని పెద్దవాళ్ళు చెప్పారు. ఆమె అర్ధాకలితోనే షిఫ్టులు చేసింది. రెండు కిలోల బిడ్డ పుట్టింది. తల్లికి రక్తం చాలక కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆ మాట మన ఇళ్ళలో ఇంకా వినబడుతూనే ఉంది.

అది పొరపాటు. తల్లి కటి ఎముకల వెడల్పు, బిడ్డ తిరిగి ఉన్న తీరు, నొప్పుల బలం, ఇవన్నీ కాన్పును నిర్ణయిస్తాయి. కడుపు మాడిస్తే దారి వెడల్పు కాదు. రక్తహీనత ఉన్న తల్లికి కొంచెం ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

అలాగని బరువు ఎంత పెరిగితే అంత మేలని కాదు. అధిక బరువున్న వారికి గర్భంతో షుగరు, బీపీ వచ్చే ప్రమాదం ఎక్కువ. షుగరు అదుపు తప్పితే బిడ్డ నాలుగు కిలోలు దాటవచ్చు. తల వచ్చాక భుజాలు ఇరుక్కుంటే బిడ్డ చేతి నరాలు దెబ్బతినవచ్చు, తల్లికి లోతైన చిరుగులు పడవచ్చు. లావైన తల్లిని ఎగతాళి చేయకండి, షుగరు పరీక్ష చేయించండి.

మిల్లులో దూది బేలును తూచకుండా లోపలికి రానివ్వరు. మన ఆడవాళ్ళను మాత్రం తూచే దిక్కు లేదు! నెలనెలా బరువు చూపించుకుని తాయి కార్డులో రాయించండి. మామూలు బరువున్న తల్లి 10 నుంచి 12 కిలోలు పెరగాలి. ఐరన్ మాత్రలు 180 రోజులు మానకుండా వేసుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే పథకం 2016లో మొదలైంది. ఆ రోజు తప్పకుండా వెళ్ళండి.

కూలి పోతుందని గర్భం దాచకండి. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన వారికి, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో సెలవు 2017 సవరణతో వచ్చింది. ఇది యజమాని దయ కాదు, మన హక్కు. అడగడానికి భయమైతే యూనియన్ ఆఫీసుకు రండి, మీ తరఫున మేము అడుగుతాం.

సోదరులారా, ఇంట్లో అందరికంటే ఆఖరున తినేది ఎవరో ఈ రాత్రి గమనించండి. ఆమె గర్భిణి అయితే రేపటినుంచి ముందుగా ఆమెకు వడ్డించండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!