ఇంటి కాపలాయు, గోడమీది మీటలును



మా తండ్రిగారి కాలమున ఇంటి కాపలా యనగా వీథియరుగుపై పండుకొను ముసలి పాలేరును, పెరటిలోని కుక్కయును. నేడు మా పిల్లలు పట్టణములందున్నారు, పాలేరు లేడు, అరుగు బోసిపోయినది. అందుచేత రెండేండ్ల క్రిందట మా యింట దొంగల అలారము పెట్టించితిని. దానివలన నేను నేర్చుకొన్న పాఠమును మీకు విన్నవించుటయే నేటి ప్రసంగము.

ఈ యుపాయము క్రొత్తది కాదు. అమెరికాలో అగస్టస్ పోప్ అనునాయన 1853లో విద్యుత్తుతో మ్రోగు దొంగల గంటకు పేటెంటు పొందెను. తలుపు తెరువగానే విద్యుత్తు ప్రవహించి గంట మ్రోగుటయే అందలి కిటుకు. నేటి యంత్రమునకును మూలమదియే. తలుపురెక్కకు అయస్కాంతపు ముక్కయు, ద్వారబంధమునకు దానిని కనిపెట్టు చిన్న పరికరమును బిగింతురు. అవి యెడబడినచో పెట్టెకు వార్త చేరును. మనుష్యుని యొంటివేడిమి కదలికను గుర్తించు కన్ను వేరొకటి గలదు. ఒక్కొక్క తావునకు ఒక్కొక్క సంఖ్య యిత్తురు. దానిని జోను అందురు. వీనినన్నిటిని నడపునది గోడమీది మీటల పలక, అనగా కీప్యాడు.

మా పెరటి తలుపు మూడవ జోను. వానకాలమున చెక్క యుబ్బి, తలుపు సరిగా పడక, గాలికి కదలి, వరుసగా మూడు రాత్రులు సైరను మ్రోగినది. వీథివారందరు లేచి వచ్చిరి. మూడవనాడు పొరుగింటి పెద్దాయన, "అన్నగారూ! మీ యంత్రము పులి వచ్చె, పులి వచ్చె నని యరచుచున్నది. నిజముగా వచ్చిననాడు మేము లేచి రాము సుమండీ!" అనెను.

నేను సిగ్గుపడి, పలకముందు నిలిచి, తోచిన మీటలెల్ల నొక్కితిని. "బైపాస్" అను మాట కానవచ్చినది. అర్థము విచారింపకయే సరే యని నొక్కితిని. నాటినుండి సైరను మ్రోగలేదు. యంత్రము బాగుపడినదని సంతసించితిని. బైపాస్ యనగా ఆ జోనును లెక్కలోనికి గైకొనవలదని యానతిచ్చుట! కొన్ని యంత్రములందు అలారము విప్పగానే ఈ యానతి తొలగును; మాదానిలో మనము తొలగించువరకు నిలుచును. నెల తిరుగకముందే మేము పెండ్లికి పోయియుండగా దొంగ పెరటి తలుపు తీసి, వంటయింటిలోని యిత్తడి గంగాళములు, మా యమ్మగారి కాలపు బిందెలు కొనిపోయెను. వంటయింట కదలిక కనిపెట్టు కన్ను లేదు. పలకమీది చిన్న దీపము ప్రతిదినము వెలిగి హెచ్చరించుచునే యుండెను, నేను చదువలేదు. తప్పు యంత్రముది కాదు, నాది.

పిమ్మట పుస్తకము ముందుంచుకొని నిదానముగా నేర్చుకొంటిని. మెనూ యనునది గదిలో గదియున్న మండువా యిల్లు వంటిది. మనమే గదిలో నున్నామో తెలియక మీట నొక్కరాదు. దారి తప్పినచో వెనుకకు మరలు మీట నొక్కవలెను, లేదా ఊరకుండవలెను. పెక్కు యంత్రములు కొంతసేపటికి తమంత తామే మొదటి వాకిటికి వచ్చును. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, దానిని కాగితముపై వ్రాసికొనవలెను. కోడును మాత్రము వ్రాసి గోడకు అంటింపకుడు.

ముందుగా కోడు మార్చవలెను. యంత్రముతో వచ్చిన కోడు అట్టివాటికన్నిటికి నొక్కటియే కావచ్చును. పుస్తకములో అచ్చుపడియే యుండును. బిగించు పనివాని కోడు వేరు, యజమానుని కోడు వేరు, రెండును మార్పించుడు. నాలుగంకెల కోడులు 10,000 గలవు. అన్నియుండగా 1234నో, పుట్టిన సంవత్సరమునో యెన్నుకొనుట దొంగకు తాళపుచెవి యిచ్చుటయే. ఇంటివారికొక్కొక్కరికి వేరుకోడు మేలు. పనిమనిషి మానినచో ఆమె కోడొక్కటియే తీసివేయవచ్చును.

తరువాత గడువులు. తలుపు తీసి లోనికి వచ్చి కోడు నొక్కుటకు కొన్ని క్షణములు గడువుండును. ముసలికాళ్లకు చాలునంత పెట్టుకొనుడు. దొంగకు చాలునంత వలదు. తుదకు నడకపరీక్ష. పొరుగువారికి ముందుగా చెప్పి, ప్రతి తలుపు తెరచి, ప్రతి గదిలో నడచి, పలక గుర్తించుచున్నదో లేదో నెలకొకసారి చూడవలెను. కరెంటు పోయినప్పుడు నడపు బ్యాటరీ కొన్నేండ్లకు బలము తగ్గును. దానిని మార్పించుట మరువరాదు.

ఇక మా పెరటి తలుపు మాట. వడ్రంగి వచ్చి అరగంటలో చిత్రిక పట్టి సరిచేసెను. నాడే ఆ పని చేయించియుండిన గంగాళము నిలిచెడిది. హెచ్చరించువాని నోరు మూయుట సులభము. అతడేల యరచుచున్నాడో విచారించుట పెద్దలకు తగిన పని. సెలవు.