నల్ల పరదేశి మనవడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండేళ్లుగా ఐర్లండులోని డబ్లిన్‌లో ఉంటున్నాను. అక్కడి సంగతులేవైనా చెప్పమన్నారు కార్యదర్శిగారు. వాన తప్ప ఇంకేముంది అంటే నవ్వారు. అందుకని ఇంటిపేర్ల గురించి చెబుతాను.

మా పక్కింటి పెద్దాయన ఇంటిపేరు డోయిల్. ఐరిష్ భాషలో దువ్ అంటే నల్లని, గాల్ అంటే పరదేశి. ఆ పేరుకు 'నల్ల పరదేశి వంశంవాడు' అని అర్థం. ఆ పరదేశులు సముద్రం మీద వచ్చిన నార్స్ వాళ్లు. వాళ్లు 841లో లిఫీ నది దగ్గర వేసుకున్న ఓడల స్థావరమే డబ్లిన్‌కు మొదలు. "మేం వైకింగులం" అనేవారు పెద్దాయన, మీసం లేకపోయినా మెలేస్తున్నట్టు.

అక్కడ 'ఓ' అంటే మనవడు, 'మాక్' అంటే కొడుకు. మెకాలిఫ్ అంటే ఓలాఫ్ కొడుకు. ఓలాఫ్ నార్స్ పేరే. కానీ మెకాలిఫ్‌లు కార్క్ ప్రాంతపు మెకార్తీల శాఖ, అచ్చమైన ఐరిష్‌వాళ్లు! పరాయివాళ్ల పేరు నచ్చి ఎవరో బిడ్డకు పెట్టుకున్నారు, అది వంశానికి నిలిచిపోయింది. 2006లో వెలువడ్డ ఒక పరిశోధనలో, నార్స్ మూలమున్న ఇంటిపేర్ల మగవాళ్ల జన్యువులు చూస్తే స్కాండినేవియా జాడ బహు తక్కువ.

చెప్పాలా వద్దా అని వారం తటపటాయించి, చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మేమెవరం?" అన్నారు.

ఇద్దరం పాత కాగితాలు వెతికాం. 1922 అంతర్యుద్ధంలో రికార్డుల భవనం తగలబడి శతాబ్దాల దస్తావేజులు బూడిదయ్యాయి. పూర్తిగా మిగిలిన పాత జనాభా లెక్కలు 1901వి, 1911వి మాత్రమే. 1911 కాగితంలో ఆయన తాత దొరికాడు. తొమ్మిదేళ్లవాడు. వృత్తి గడిలో 'విద్యార్థి' అని రాసుంది. అంతకు వెనక్కి మాకు దారి దొరకలేదు. పెద్దాయన ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి తీయలేదు.

తర్వాత నన్నడిగారు, "మీ ఇంటిపేరుకు అర్థమేమిటి?" అని. ఏదో ఊరి పేరని నాన్న అనేవారు. ఏ ఊరో నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

నన్నీ బడిలో చేర్చింది తాతయ్య. స్వగ్రామం ఆయనే చెప్పి రాయించి ఉంటారు. 1978 ప్రవేశ రిజిస్టరు ఇంకా బీరువాలో ఉందని హెడ్మాస్టరుగారు ఇందాక చెప్పారు. రేపు పదింటికి ఆఫీసు తెరిపిస్తామన్నారు. నా విమానం ఎల్లుండి.