మైల్స్ ముందా, టికెట్ ముందా? ఎయిర్‌లైన్ కార్డుల అసలు లెక్క

ఈమధ్య అడవులదీవిలో గానీ, నిజాంపట్నంలో గానీ, రేపల్లె బస్టాండ్‌లో గానీ ఏ కుర్రాడు కలిసినా ఒకటే ప్రశ్న. "అన్నా, ఫలానా కార్డు తీసుకుంటే ఫ్లైట్ టికెట్ ఫ్రీ అంటగా, తీసుకోమంటావా?" అని. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. బిజినెస్ క్లాసులో కాళ్లు చాపుకుని, చేతిలో జ్యూస్ గ్లాసు పెట్టుకుని "నేను కట్టింది టాక్సులు మాత్రమే" అనే వీడియోలు. అవి అబద్ధాలని నేను అనను. కాకపోతే ఆ వీడియో తీసినాయన నెలకి ఎంత ఖర్చు పెడతాడు, ఏ ఊళ్లో ఉంటాడు, కార్డు ఎక్కడెక్కడ గీకుతాడు అనేది మాత్రం అందులో ఉండదు. ఇవాళ ఆ లెక్కని మన ఊళ్లో కూర్చుని వేద్దాం.

అసలు మైల్ అంటే ఏంటి? 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు, తమ విమానాలే మళ్లీ మళ్లీ ఎక్కేవాళ్లకి ఎగిరిన దూరాన్ని బట్టి మైల్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పేరు అలాగే ఉండిపోయింది గానీ, ఇప్పుడు దానికీ దూరానికీ పెద్దగా సంబంధం లేదు. మీరు కార్డు మీద కొంటే బ్యాంకు పాయింట్లు ఇస్తుంది. వాటిని ఎయిర్‌లైన్ ఖాతాలోకి మారిస్తే మైల్స్ అవుతాయి. ఎయిర్‌లైన్ పేరు మీదే వచ్చే కార్డులైతే నేరుగా ఆ ఖాతాలోనే పడతాయి. అంతే.

ఒక మైల్ విలువ ఎంత అంటే, ఫిక్స్‌డ్‌గా ఇంత అని ఎవరూ చెప్పలేరు. మీరు ఏ టికెట్ కొంటున్నారో దాన్ని బట్టే విలువ. లెక్క చాలా ఈజీ. ఆ టికెట్‌ని డబ్బుతో కొంటే ఎంతో చూడండి. మైల్స్‌తో కొన్నా టాక్సులు కట్టాలి కదా, అది తీసేయండి. మిగిలినదాన్ని మైల్స్‌తో భాగించండి.

ఊరికే లెక్క కోసం అంకెలు అనుకుందాం. గన్నవరం నుంచి బెంగళూరుకి మామూలు రోజుల్లో టికెట్ 4,200. మైల్స్‌తో అయితే 6,000 మైల్స్, పైన టాక్సులు 1,200. అంటే 3,000 రూపాయల కోసం 6,000 మైల్స్ ఇచ్చారు. మైల్‌కి యాభై పైసలు. దండగ. అదే టికెట్ సంక్రాంతికి ముందు రోజు 11,000 అయింది, మైల్స్ మాత్రం అదే 6,000 అడుగుతున్నాడు అనుకోండి. అప్పుడు మైల్‌కి రూపాయి అరవై పైసలు పైనే వచ్చింది. అదే సీటు, అవే మైల్స్, మూడు రెట్లు విలువ. అందుకే బెంగళూరులో జాబ్ చేస్తూ పండక్కి ఇంటికొచ్చేవాళ్లకి నేను చెప్పేది, చవకగా ఉన్న రోజు డబ్బు పెట్టండి, మంట పుట్టే రోజు మైల్స్ పెట్టండి. ఒక చిక్కుంది. రేటు పెరిగితే మైల్స్ కూడా పెంచేసే ప్రోగ్రాములున్నాయి, పండగ రోజుల్లో మైల్స్ సీట్లే వదలని ప్రోగ్రాములున్నాయి. కార్డు తీసుకునే ముందే ఎయిర్‌లైన్ యాప్‌లో ఫ్రీ అకౌంట్ తెరిచి, మీకు కావాల్సిన తేదీకి మైల్స్ ఎంత అడుగుతున్నాడో చూడండి. కార్డు లేకపోయినా ఈ పని చెయ్యొచ్చు. చాలామంది చెయ్యరు.

హైదరాబాద్ వెళ్లడానికైతే మైల్స్ ముట్టుకోకండి బాబూ. రేపల్లె నుంచి సికింద్రాబాద్‌కి రైలుంది. ఇక్కణ్ణించి గన్నవరం వెళ్లే కారు కిరాయి పెట్టుకుని, అక్కడ గంటన్నర ముందు కూర్చుని, శంషాబాద్‌లో దిగి సిటీలోకి మళ్లీ క్యాబ్ ఎక్కితే "ఫ్రీ టికెట్" ఎంతయిందో మీరే కూడుకోండి.

మైల్స్‌కి మంచి విలువ ఎక్కువగా వచ్చేది విదేశీ ప్రయాణాల్లో. ఇక్కడ పార్ట్‌నర్ అనే మాట గుర్తుపెట్టుకోండి. ఎయిరిండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. అందువల్ల సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌తో ఎయిరిండియా సీటు కొనొచ్చు, ఎయిరిండియా పాయింట్లతో లుఫ్తాన్సా సీటు కొనొచ్చు. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, అమ్మానాన్నల్ని పంపాలి అనుకునే ఇళ్లు మన వైపు తక్కువేం కాదు. వాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే సంగతి. కానీ కొన్ని ఎయిర్‌లైన్స్ మైల్స్ టికెట్ మీద కూడా సర్‌ఛార్జి గట్టిగానే వేస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి ఆ పేరు ఎప్పట్నించో ఉంది. చివరి పేజీలో కట్టాల్సిన మొత్తం చూశాకే ముందుకెళ్లండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ మైల్స్ మనకి ఎక్కడ వస్తాయి?

మన ఊళ్లో ఖర్చులు చూడండి. కిరాణా, టీ, కూరగాయలు అన్నీ క్యూఆర్ కోడ్ మీదే. యూపీఐకి లింక్ అయ్యేది రూపే క్రెడిట్ కార్డు. పేరున్న మైల్స్ కార్డులు ఎక్కువగా వీసా, మాస్టర్‌కార్డ్ మీద ఉంటాయి, అవి ఆ క్యూఆర్ దగ్గర పనిచెయ్యవు. పెట్రోలుకి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్, బంగారం, ప్రభుత్వానికి కట్టేవి కూడా చాలా కార్డుల్లో లెక్కలోకి రావు, లేదా తగ్గించి ఇస్తారు. మిగిలింది ఏంటి? ఆన్‌లైన్ షాపింగు, ఫోను, ఎప్పుడన్నా ఓ ఫ్లైటు. ఏడాదికి 5,000 ఫీజు, దాని మీద జీఎస్టీ 900 కట్టే కార్డుకి ఆ ఖర్చు సరిపోతుందా అనేది మీరు నిజాయితీగా వేసుకోవాల్సిన లెక్క.

"మరి మా నాన్నకి రొయ్యల చెరువుంది, మేత బిల్లు లక్షల్లో ఉంటుంది, అదంతా కార్డు మీద గీకితే?" అని ఒక తమ్ముడు అడిగాడు. తెలివైన ప్రశ్నే. రెండు విషయాలు చూడాలి. మొదటిది, కార్డు అనగానే చాలా షాపుల్లో రెండు శాతం ఎక్స్‌ట్రా అడుగుతారు. లక్ష బిల్లుకి 2,000 కట్టి, వందకి రెండు మైల్స్ చొప్పున 2,000 మైల్స్ తెచ్చుకుంటున్నారన్నమాట. మైల్‌కి రూపాయి రాకపోతే అక్కడే చేతి చమురు వదిలింది.

రెండోది దీనికంటే పెద్దది. సీడ్ వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు. కార్డు వాడు వడ్డీ లేకుండా ఇచ్చేది మహా అయితే యాభై రోజులు. చెరువులో రొయ్య ఇంకా చిన్నదిగా ఉండగానే కార్డు బిల్లు వచ్చి కూర్చుంటుంది. "మినిమం డ్యూ కట్టేద్దాంలే" అనుకుంటే, నెలకి మూడున్నర శాతం చొప్పున లక్షకి 3,500, దాని మీద జీఎస్టీ 630. మొత్తం 4,130. ఒక్క నెల వడ్డీ, మీ 2,000 మైల్స్‌ని రెండుసార్లు మింగేసింది. ఇంకో సంగతి, బాకీ మిగిలితే కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్, ఏడాదికి 30 శాతం మించి వడ్డీ తీసుకోవడం అన్యాయం అంది. ఆ తీర్పుని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. కాబట్టి ఆ ధైర్యం కూడా పెట్టుకోవద్దు. పట్టుబడి డబ్బు బ్యాంకులో ఉండి, డీలరు ఎక్స్‌ట్రా అడక్కపోతేనే మేత బిల్లు కార్డు మీదకి తేవాలి.

ఫ్రెండ్స్ ఫోను కొనుక్కుంటామంటే మన కార్డు ఇచ్చి, మైల్స్ మనకి, డబ్బు వాళ్ల దగ్గర్నుంచి అనే బేరం కూడా నడుస్తోంది. వాడు నెలాఖరుకి ఫోను ఎత్తకపోతే బిల్లు మీది, సిబిల్ స్కోరూ మీదే. రేపు చెరువు లోనుకి వెళ్లినప్పుడు మేనేజరు ముందు పెట్టేది ఆ స్కోరే.

సరే, మైల్స్ వచ్చాయి అనుకుందాం. దాచుకోవద్దు. రొయ్యల రైతు బిడ్డకి ఇది నేను చెప్పక్కర్లేదు. చెరువులో ఎంత కౌంట్ ఉన్నా, పట్టి కాటా వేసేదాకా అది డబ్బు కాదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ రేటు ఏమైందో చూశారుగా. మైల్స్ రేటు కూడా అంతే, ఎక్కడో కూర్చుని ఎవరో మారుస్తారు. యాక్సిస్ మాగ్నస్ కార్డే తీసుకోండి. 2023 సెప్టెంబరు 1 ముందు 5 పాయింట్లకి 4 మైల్స్. ఆ రోజు నుంచి 5కి 2. పదివేల పాయింట్లు 8,000 మైల్స్ అయ్యేవి కాస్తా 4,000 అయ్యాయి, ఫీజేమో 10,000 నుంచి 12,500కి పెరిగింది. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయాయి. ఆ మైల్స్ దాచుకున్నవాళ్లు ఏ విమానం ఎక్కాలి? విస్తారా వాళ్లు కాస్త అదృష్టవంతులు. 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసినప్పుడు పాయింటుకి పాయింటు ఇచ్చారు.

దాచుకోవద్దన్నాను కదా అని బ్యాంకు పాయింట్లన్నీ వెంటనే ఎయిర్‌లైన్‌కి పంపేయకండి. అటు వెళ్లినవి వెనక్కి రావు. బ్యాంకులో ఉన్నంతసేపు నాలుగైదు ఎయిర్‌లైన్లలో దేనికైనా పంపే వీలుంటుంది. ముందు సీటు కనపడాలి, తేదీ కుదరాలి, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫర్. కొన్ని నిమిషాల్లో వెళ్తాయి, కొన్నిటికి రోజులు పడుతుంది, ఈలోపు సీటు పోవచ్చు కూడా. వెళ్లాక గడువు కూడా మొదలవుతుంది. క్రిస్‌ఫ్లయర్ మైల్స్ అయితే మూడేళ్లే.

ఆల్రెడీ కార్డు తీసుకుని, పైన చెప్పిన లెక్కలో కిట్టదని తేలినవాళ్లు ఫీజు పడకముందే మూసేయొచ్చు. బాకీ ఏమీ లేకుండా అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలని, ఆలస్యం చేస్తే రోజుకి 500 చొప్పున మీకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2022లో రూల్ పెట్టింది. ఫోన్‌లో "ఆఫర్ ఇస్తాం సార్, ఉంచండి" అంటారు. ఫీజు మాఫీ చేస్తామంటే ఆ మాట మెయిల్‌లో పంపమనండి. మూసే ముందు మాత్రం ఉన్న పాయింట్లు వాడేయండి, చాలా కార్డుల్లో ఖాతాతో పాటు అవీ పోతాయి.