తెరమీద సైన్సు - మౌస్ ఎవరి చేతిలో?

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస, కూలిరేట్లు, భూమిహక్కుల గురించి మాట్లాడుకునే చోట, కంప్యూటర్ తెరమీద కదిలే బొమ్మలతో సైన్సు చెప్పడం గురించి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. డిగ్రీలో సైన్సు తీసుకున్న ఆడపిల్లకి ఏం అందుతోంది, ఏం అందడం లేదు అన్నది కూడా హక్కుల ప్రశ్నే.

ముందు ఈ బొమ్మలేమిటో చూద్దాం. ఇవి సినిమాలాగా కూర్చుని చూసేవి కావు, మనం కదిపితే కదిలేవి. భౌతికశాస్త్రంలో 2001లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 'ఫెట్' అనే పథకం మొదలుపెట్టారు. అందులో వాయువుల ధర్మాల గురించిన బొమ్మ ఒకటుంది. తెరమీద ఒక పెట్టె. పంపు కొడితే వాయు కణాలు లోపలికొచ్చి గోడల్ని గుద్దుకుంటాయి. వేడి పెంచితే ఇంకా జోరుగా గుద్దుకుంటాయి. పీడనం చూపే ముల్లు పైకి పోతుంది. మరీ ఎక్కువైతే పెట్టె మూత ఎగిరిపోతుంది. పీడనానికి నిర్వచనం బట్టీపట్టిన పిల్ల, అదేమిటో తన చేత్తో పెంచి చూసి తెలుసుకుంటుంది.

పీడనం కోనసీమకి పుస్తకాల్లోని మాట కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపు పగిలి 20 మందికి పైగా చనిపోయారు. గ్యాస్‌తో పాటు వచ్చే నీరు పైపుని లోపలినుంచి ఎలా తినేస్తుందో, బయటికొచ్చిన గ్యాస్ ఎలా పరుచుకుంటుందో తెలిసిన అమ్మాయి ఊళ్లో ఉంటే, అధికారి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. మన ఇళ్ల కింద ఏం పోతోందో తెలుసుకోవడం మన హక్కు. ఆ తెలుసుకోవడానికి సైన్సు కావాలి.

వీటివల్ల చదువు నిజంగా వస్తుందా అని అడుగుతారు. 2005లో కొలరాడో పరిశోధకులు ఒక పరిశీలన ప్రచురించారు. విద్యుత్ వలయాల పాఠంలో కొందరు విద్యార్థులకి అసలు బల్బులూ తీగలూ, మరికొందరికి తెరమీది బల్బులూ తీగలూ ఇచ్చారు. తర్వాత అసలు వలయాన్ని కట్టమంటే, తెరమీద నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా కట్టి, మెరుగ్గా వివరించారు. కంటికి కనపడని కరెంటు ప్రవాహం అక్కడ కదులుతూ కనపడటం ఒక కారణం.

అయితే మనం ఇక్కడ ఆగకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం, మగవాళ్లలో 48.8 శాతం. ఇంట్లో ఒకే ఫోనుంటే అది అన్నయ్య జేబులో ఉంటుంది. చెల్లెలి చేతిలో ఉంటే అనుమానం మొదలవుతుంది. కేరళలో సాయంత్రం పూట ఫోను వాడొద్దన్న హాస్టల్ నిబంధనని ఒప్పుకోనందుకు ఒక విద్యార్థినిని బయటికి పంపేశారు. ఆ ఫహీమా షిరిన్ కేసులో, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. మన హాస్టళ్ల దగ్గర ఈ తీర్పు గురించి మాట్లాడాలి.

ఇంకో సంగతి. 2022 మే 24 అల్లర్ల తర్వాత ఇక్కడ రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అదే ఏడాది జూలై వరదల్లో లంక గ్రామాలు నీళ్లలో ఉన్నాయి. నెట్ మీదే ఆధారపడ్డ చదువు అలాంటప్పుడు ఆగిపోతుంది. ఫెట్ బొమ్మలు ఉచితం. ముందే దింపుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. తెలుగులో ఉన్నవీ ఉన్నాయి. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువుని ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. తెలుగు మీడియంనుంచి వచ్చిన పిల్లలకి తెలుగు బొమ్మ ఎంత ఊతమో వేరే చెప్పక్కర్లేదు.

కాలేజీకి వెళ్లినప్పుడు ఒక్కటి గమనించండి. ఒక కంప్యూటర్ ముందు నలుగురు కూర్చుంటే మౌస్ ఎవరు పట్టుకుంటున్నారు, నోట్సు ఎవరు రాస్తున్నారు? ఇంట్లో ఉన్న పనుల విభజనే ల్యాబులోకీ వస్తుంది. చూస్తూ రాసుకున్న పిల్లకి ఆ బొమ్మ మళ్లీ సినిమానే. అందుకని మౌస్ వంతులవారీగా మారాలి. కదిపే ముందు ఏమవుతుందో ప్రతి ఒక్కరూ తమ కాగితం మీద రాయాలి. తర్వాత ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి. నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. కేంద్రం 2009లో మొదలుపెట్టిన జాతీయ పథకం కింద 'వర్చువల్ ల్యాబ్స్' వచ్చాయి. ఢిల్లీ ఐఐటీతో పాటు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా అందులో పనిచేసింది. మంచిదే. కానీ తెర ఉంది కదా, ఇక బ్యూరెట్లెందుకు, మైక్రోస్కోపులెందుకు అనే యాజమాన్యాలకి అది సాకు కాకూడదు. ఆసిడ్ పోసేటప్పుడు చెయ్యి వణకడం తెరమీద తగ్గదు. "ఆడపిల్లలకి తెర చాలు, ఆలస్యమైతే బస్సు దొరకదు" అన్న జాలిమాటని కూడా ఒప్పుకోవద్దు. బస్సు వేయించమని అడుగుదాం.

అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల్లో మనం అడగాల్సినవి మూడు: పగటిపూట ఆడపిల్లలకి తెరిచి ఉండే కంప్యూటర్ గది, అందులో నెట్ లేకుండా నడిచే తెలుగు బొమ్మలు, దాని పక్కనే పనిచేసే అసలు ల్యాబు. ఈ మూడూ కలిపే అడుగుదాం. ఒకటిచ్చి రెండు మానేస్తామంటే ఒప్పుకోవద్దు.