ఉత్తరారణ్యములందలి కారిబూ మృగములు

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి మా విషయము మిక్కిలి దూరదేశమునకు చెందినది. కెనడా ఉత్తరారణ్యములందును పర్వతములందును కారిబూ అను మృగము కలదు. ఐరోపావారు రెయిన్‌డీర్ అనునది ఈ జాతిదే. శీతకాలమున దీని ముఖ్యాహారము లైకెన్. మన దుకాణములలో మసాలా దినుసులతో అమ్ముడుపోవు రాతిపువ్వు కూడ ఒక లైకెనే గనుక మీకిది బొత్తిగా క్రొత్త వస్తువు కాదు. అది మిక్కిలి మెల్లగా పెరుగును. ముదురు అడవులందే సమృద్ధిగా దొరకును.

ముదురు అడవిని కొట్టినచో లైకెన్ పోవుట యొక్కటే కాదు. కొట్టిన చోట లేత పొదలు మొలచును. వానిని మేయుటకు మూస్ అను పెద్ద దుప్పులును, జింకలును చేరును. వానివెంట తోడేళ్ళు హెచ్చును. గనులకును, చమురు అన్వేషణకును వేసిన బాటలు తోడేళ్ళకు రాచబాటలగును. మూస్ కొరకు వచ్చిన తోడేలు కారిబూను విడువదు. మూస్ ఒక్కొక్కప్పుడు కవలలను ఈనును. కారిబూ ఏటికొక్క పిల్లనే ఈనును. కావున తరుగు కారిబూకే ఎక్కువ.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున క్లిన్సే-జా అను పర్వత ప్రాంతము కలదు. 1960 దశకమున పీస్ నదిపై కట్టిన బెన్నెట్ ఆనకట్ట వెనుక జలాశయము మృగముల పూర్వపు రాకపోకలకు అడ్డువచ్చెను. మందలు తగ్గుట చూచి వెస్ట్ మోబర్లీ ఆదిమజాతివారు 1970 దశకమున తమ తాతలనాటి వేటను తామే మానుకొనిరి. వేట ఆగినను క్షీణత ఆగలేదు. ఏలయన అడవి కొట్టుట ఆగలేదు. పొరుగున బర్ంట్ పైన్ మంద 11 మృగములకు దిగియుండగా అచ్చట బొగ్గు అన్వేషణకు అనుమతి నిచ్చిరి. వారు 1899 నాటి 8వ ఒడంబడికను చూపి న్యాయస్థానమున కెక్కగా, 2011లో రాష్ట్ర అప్పీలు న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. తీర్పు దక్కినది గాని మంద దక్కలేదు.

క్లిన్సే-జా మందయు 2013 నాటికి 38కి దిగెను. అప్పుడు వెస్ట్ మోబర్లీ, సోటో జాతులవారు శాస్త్రజ్ఞులతో కలిసి పనికి పూనుకొనిరి. తోడేళ్ళ సంఖ్యను తగ్గించిరి. అది కఠినమైన కార్యమే. 2014 నుండి పురిటి దొడ్డిని నెలకొల్పిరి. శీతకాలాంతమున చూడి కారిబూలను వలతో పట్టి, కొండపై గుడ్డతో ఎత్తుగా కంచె కట్టిన దొడ్డియందుంచి, రేయింబవళ్ళు కావలి కాయుదురు. గ్రామస్థులు చేతులతో లైకెన్ ఏరి తెచ్చి పెట్టుదురు. పిల్లలు గట్టిపడిన పిదప వేసవిలో విడుతురు. పుట్టింట పురుడు పోసి, బిడ్డ నిలదొక్కుకొనిన పిదప పంపు మన ఆచారము మీకు జ్ఞప్తికి రాకమానదు. 2021 నాటికి మంద 101కి పెరిగెను.

వర్తకులము గనుక మేమొక మాట చెప్పుదుము. దొడ్డియు, తోడేళ్ళ నియంత్రణయు చేబదులు వంటివి. చేబదులుతో దుకాణమును కొన్నాళ్ళు తెరచియుంచవచ్చును. అసలు లేనిదే అది నిలువదు. ఇచ్చట అసలు ముదురు అడవి. అందుచేతనే 2020 ఫిబ్రవరిలో ఆ రెండు జాతులవారు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములతో ఒడంబడిక చేసికొని విస్తారమైన భూమికి రక్షణ సంపాదించిరి. కలపమిల్లుల పట్టణములవారు జీవనోపాధి పోవునని ఆందోళన చెందిరి. ఆ భయమును తేలికగా కొట్టివేయరాదు. కూలి పోయిన ఇంటి కష్టము వర్తకునికి తెలియును. ఆ ఇంటి ఖాతా అతని పుస్తకముననే యుండును. అయినను అసలు తినివేసి నడుపు వ్యాపారము కూలివానిని మాత్రము ఎంతకాలము పోషించును?

ఆలస్యమైనచో ఏమగునో అమెరికా, కెనడా సరిహద్దున తిరుగాడిన దక్షిణ సెల్కిర్క్ మంద చూపినది. 2018లో అందు మూడు ఆడుమృగములే మిగిలెను. 2019 ఆరంభమున కడపటి దానిని పట్టి కెనడాలో వేరొక చోటికి తరలించిరి. ఆ మంద అంతటితో ముగిసెను.

క్లిన్సే-జా వారి గమ్యము మృగములను చూపుడు వస్తువులుగా నిలుపుట కాదు. తమ మనుమలు మరల వేటాడ గలిగినంతటి మందలను పెంచుట. అందుకు 101 చాలదు. తమ నోటి ముద్దను ఏబది యేండ్లుగా మానుకొనినవారికి, అడవిని కొట్టువారిని కూడ కొంత మానుకొనుడని అడుగు హక్కు కలదని మా యభిప్రాయము.